పంతులమ్మ కొలువు మానేస్తే కొంప మునిగిందా?



పది రోజుల నుంచి మన గ్రూపులో ఒకటే గోల. దుబాయ్‌లో ఒక ప్రైవేటు నర్సరీలో చిన్నపిల్లలకు ఇంగ్లిష్ చెప్పే మన చెల్లెలు ఒకామె ఆ ఉద్యోగం మానేస్తానని చెప్పింది. గ్రూపులో ఆమె అడిగింది రెండే మాటలు: "నోటీసు ఎన్ని రోజులు ఇవ్వాలి? నాకు రావాల్సిన డబ్బులు ఏమేమిటి?"

దానికి మనవాళ్లు ఇచ్చిన జవాబులు వినండి. ఒకాయన అన్నాడు: "ఏసీ రూములో పిల్లలతో ఆడుకునే పనికి కూడా ఓపిక లేదా?" ఇంకొకాయన: "మేం 45 డిగ్రీల ఎండలో సెంట్రింగ్ కొడుతున్నాం, మాకు లేని టెన్షన్ నీకెక్కడి నుంచి వచ్చిందమ్మా?" మూడో ఆయన: "అప్పు చేసి పంపిన నాయన మొహం చూసైనా ఆగాల్సింది." నాలుగో ఆయన మరీ ముందుకు పోయి "పొగరు" అన్నాడు. ఇట్లా వాయిస్ మెసేజులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆమె అడిగిన రెండు మాటలకు మాత్రం ఒక్కరూ జవాబు చెప్పలేదు. మూడో రోజు ఆమె గ్రూపులోంచి వెళ్లిపోయింది.

మనది సంక్షేమ గ్రూపు. కష్టంలో ఉన్నోళ్లు దారి అడిగితే చెప్పడానికి పెట్టుకున్నది. దారి అడిగిన మనిషిని నిలబెట్టి తిట్టి పంపించాం. అందుకే ఈ వారం బులెటిన్ మొత్తం దీని మీదే. కొందరికి కోపం రావచ్చు. వచ్చినా సరే, చివరి దాకా చదవండి.

*"ఏసీ రూము, పిల్లలతో ఆట" అనేవాళ్లకు*

ఏసీ ఉంటే పని తేలికని ఎవరు చెప్పారు? మనలో కోల్డ్ స్టోరేజీలో పని చేసే తమ్ముళ్లున్నారు. వాళ్లది కూడా చల్లటి గదే. వాళ్ల కీళ్ల నొప్పులు అడిగి చూడండి.

నర్సరీ పని ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలు ఒక గదిలో 20 మందో, 25 మందో ఉంటారు. ఒకడు అమ్మ కావాలని ఏడుస్తుంటాడు. ఒకడు పక్కోణ్ని కొరుకుతాడు. ఒకామె బట్టల్లోనే పోసుకుంటుంది. ఒకడు పూసను ముక్కులో పెట్టుకుంటాడు. మన ఇంట్లో ఇద్దరు పిల్లలుంటేనే మధ్యాహ్నానికి ఇంటామె నీరసపడిపోతుంది. ఇక్కడ అంతమందిని పట్టుకుని, ఒక్కరికీ దెబ్బ తగలకుండా చూస్తూ, ఇంగ్లిష్ నేర్పాలి.

ఆ ఇంగ్లిష్ సంగతీ వినండి. ఆ పిల్లల్లో ఒకడింట్లో అరబ్బీ, ఒకడింట్లో మలయాళం, ఒకడింట్లో ఉర్దూ, ఒకడింట్లో ఫిలిప్పీన్స్ భాష. టీచరుకు ఆ భాషలు రావు, పిల్లలకు ఇంగ్లిష్ రాదు. కడుపు నొస్తుందని కూడా వాడు చెప్పలేడు. అందుకని ఆమె చేత్తో చూపించి, మొహంతో చూపించి, పాట పాడి, గెంతి, ఒకే మాటను వంద సార్లు అని నేర్పాలి. పొద్దున ఏడున్నరకు ఎత్తిన గొంతు మధ్యాహ్నం దాకా దించడానికి ఉండదు. గొంతు బొంగురుపోవడం, నొప్పి పెట్టడం టీచర్లకు మామూలు జబ్బు. పిల్లల జలుబు, జ్వరం, కళ్లకలక అన్నీ ముందు ఆమెకే అంటుకుంటాయి.

ఇంకో సంగతి మగవాళ్లకు తట్టదు. గదిలో ఆమె ఒక్కతే ఉంటే బాత్రూముకు పోవడానికి కూడా వీలుండదు. పిల్లల్ని వదిలి రెండు నిమిషాలు బయటికి వెళ్తే, ఆ రెండు నిమిషాల్లో ఎవడైనా పడితే పాపమంతా ఆమెదే. అందుకని నీళ్లు తాగడం మానేస్తారు. ఇట్లా మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ తెచ్చుకున్న టీచర్లు మనకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

మన ఎండ పనికి కనీసం ఒక రూలుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు బయట పని చేయించకూడదు. కంపెనీ ఆ రూలు తప్పితే మనం ఫోటో తీసి ఫిర్యాదు చేస్తున్నాం. యూఏఈ కార్మిక చట్టంలో ఇంకో రూలుంది: విరామం లేకుండా వరసగా 5 గంటలకు మించి ఎవరి చేతా పని చేయించకూడదు, మొత్తం మీద గంటకు తక్కువ కాకుండా విరామం ఇవ్వాలి. ఇది మేస్త్రీకి ఎంతో టీచరుకూ అంతే. నర్సరీలో దీన్ని అమలు చేస్తున్నారా అని మనలో ఎవరన్నా అడిగామా?

పని అయ్యాక ఇంటికొస్తే అయిపోయిందా? తల్లిదండ్రుల కోసం ఒక యాప్ ఉంటుంది. మా వాడు ఏం తిన్నాడు, ఎందుకు ఏడ్చాడు, చొక్కా మీద ఆ మరక ఏమిటి అని రాత్రి పది దాకా మెసేజులు వస్తూనే ఉంటాయి. రేపటి పాఠానికి అట్టముక్కలు కత్తిరించాలి, రంగులు వేయాలి. దీనికి ఓటీ లేదు. మనకు ఓటీ రాకపోతే క్యాంపు క్యాంపంతా బస్సు ఎక్కకుండా కూర్చుంటాం. ఆమె ఒక్కతే అడిగితే "టీచరంటే సేవ కదా" అంటారు. జీతం ఇచ్చేటప్పుడు మాత్రం సేవ గుర్తుకు రాదు, లెక్కే గుర్తుకొస్తుంది.

*"మనకంటే రెండింతల జీతం" అనేవాళ్లకు*

పైన పటారం, లోన లొటారం అనే సామెత ఈ కొలువుకు సరిగ్గా సరిపోతుంది. ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. జీతం 3000 దిర్హమ్‌లు అనుకోండి. మనకు క్యాంపు రూము, బస్సు కంపెనీదే. ఆమెకు అవి లేకపోతే బెడ్‌స్పేస్ అద్దె, బస్సు, తిండి తనే పెట్టుకోవాలి. పైగా కొన్ని చోట్ల వేసవి రెండు నెలలు జీతం ఇవ్వరు. 3000 పది నెలలే వస్తే ఏడాదికి 30,000. దాన్ని 12 నెలలకు పంచితే నెలకు 2500. అందులోంచి అద్దె, తిండి, బస్సు పోగా మిగిలేదెంత? ఇంటికి పంపే లెక్కలో ఓటీ చేసే మన తమ్ముడికీ ఆమెకూ పెద్ద తేడా ఉండదు.

ఇంకా దారుణమైనది ఒకటుంది. జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలని ఇక్కడ డబ్ల్యూపీఎస్ పద్ధతి ఉంది. కొందరు యజమానులు కాగితం మీద సరిగ్గా వేసి, తర్వాత "ఇందులో ఇంత తెచ్చి చేతికివ్వు" అని వెనక్కి తీసుకుంటారు. ఒకే తరగతి, ఒకే పాఠం చెప్పినా పాస్‌పోర్టు దేశాన్ని బట్టి జీతం మారే చోట్లు కూడా ఉన్నాయి. ఇట్లాంటివి మనకు కొత్తా? సైటు మీద ఇదే చూస్తున్నాం కదా. మన మీద జరిగితే అన్యాయం, ఆమె మీద జరిగితే "సర్దుకుపో తల్లీ" అంటే ఎట్లా?

*"అప్పు చేసి పంపిన నాయన" అనేవాళ్లకు*

ఈ మాట అన్నవాళ్ల మనసు చెడ్డదని నేను అనను. మనలో చాలామంది నాయనలమే. ఇరవై ఏళ్లు ఇక్కడ కాంక్రీటు మోసి, జగిత్యాలలోనో రాయచోటిలోనో అమలాపురంలోనో బిడ్డను ఇంగ్లిష్ మీడియంలో చదివించుకున్నాం. నేను పడిన కష్టం నా బిడ్డ పడకూడదు అనుకున్నాం. ఆ బిడ్డ మెడలో ఐడీ కార్డు వేసుకుని టీచరైతే ఊరంతా చెప్పుకున్నాం. ఇప్పుడామె మానేస్తానంటే మన కల పోయినట్టే ఉంటుంది. అది నిజమే.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. అప్పు ఎందుకు అయింది? ఉద్యోగం ఇచ్చేవాడు పంతులమ్మను తెచ్చుకునే ఖర్చు తనే భరించాలని, ఆ ఖర్చు పనివాళ్ల దగ్గర వసూలు చేయకూడదని యూఏఈ చట్టమే చెబుతోంది. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. అంతకు మించి ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే. లక్షలు గుంజినవాణ్ని ఊరికి పోయినప్పుడు "అన్నా" అని పిలిచి చాయ్ తాగిస్తాం. ఆ లక్షల బరువు మోయలేక కూలబడిన పిల్లను మాత్రం "పొగరు" అంటాం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పది పాస్ కాని మనలాంటోళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు. గల్ఫ్‌కు రావాలంటే ఇమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, కాంట్రాక్టు చూపించాలి, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. డిగ్రీ చదివిన టీచరుకు ఇవేవీ తప్పనిసరి కాదు. చదువుకుంది కదా, తన సంగతి తను చూసుకుంటుంది అని సర్కారు వదిలేసింది. అందుకే విజిట్ వీసా మీద తెచ్చి, ఇక్కడికొచ్చాక కాంట్రాక్టు మార్చి, "టీచర్" అని చెప్పి "అసిస్టెంట్" అని వీసా కొట్టించడం దళారులకు సులువు. కాగితాల మీద చూస్తే ఆమెకంటే మనకే కాపలా ఎక్కువ.

*"మధ్యలో వదిలేస్తే ఆ పిల్లల సంగతేంటి?" అనేవాళ్లకు*

ఒక అక్క ఈ ప్రశ్న అడిగింది. న్యాయమైన ప్రశ్న. చిన్నపిల్లలు టీచరుకు అలవాటు పడతారు, మారితే బెంగ పెట్టుకుంటారు. టర్మ్ చివరి దాకా ఆగగలిగితే ఆగడమే మంచిది, కొత్త బడిలో చేరేటప్పుడు కూడా అది ఉపయోగపడుతుంది. కానీ తరగతికి ఇద్దరు పెద్దవాళ్లు ఉండాల్సిన చోట ఒక్కరినే పెట్టి, ఆ ఒక్కరూ నిద్ర పట్టక, తిండి సయించక, పొద్దున బస్సెక్కేటప్పుడు ఏడుస్తుంటే, ఆ పిల్లలకు మాత్రం ఏం మేలు? అట్లాంటి టీచరు ఏదో ఒక రోజు పిల్లాడి మీద చెయ్యి ఎత్తుతుంది. అప్పుడు పోలీసు కేసు ఆమె మీదే పడుతుంది, యజమాని మీద కాదు. ఆ రోజు రాకముందే పద్ధతిగా తప్పుకోవడం పిల్లలకూ మంచిదే.

*ఇప్పుడు ఆ చెల్లెలు అడిగినదానికి జవాబు*

గ్రూపు చెప్పని జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇది యూఏఈ లెక్క. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న 2021 నాటి 33వ నంబర్ కార్మిక చట్టం ప్రకారం. మేస్త్రీకీ, డ్రైవరుకూ, ప్రైవేటు బడి టీచరుకూ ఇదే చట్టం. ఇంటి పని వీసా మీద వచ్చినవాళ్లకు వేరే చట్టం ఉంది.

1. నోటీసు: కాంట్రాక్టులో రాసినన్ని రోజులు. అది 30 రోజులకు తక్కువ, 90 రోజులకు ఎక్కువ ఉండకూడదు. రాతపూర్వకంగా ఇవ్వండి, ఈమెయిల్ కాపీ దాచుకోండి. నోటి మాట చెల్లదు.

2. ప్రొబేషన్: 6 నెలలకు మించకూడదు. ప్రొబేషన్‌లో ఉండగా దేశం విడిచి పోవాలంటే 14 రోజుల నోటీసు, ఇక్కడే వేరే చోట చేరాలంటే నెల రోజుల నోటీసు. నోటీసు ఇవ్వకుండా పోతే ఏడాది పాటు కొత్త పర్మిట్ రాదు.

3. గ్రాట్యుటీ: ఏడాది నిండితే వస్తుంది. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ పైన ఏడాదికి 30 రోజులది. మనమే రాజీనామా చేసినా కోత లేదు. "మానేస్తే ఏమీ రాదు" అనేది పాత మాట. బేసిక్ 1800 దిర్హమ్‌లు, 3 ఏళ్ల సర్వీసు అనుకోండి: రోజుకు 60, 21 రోజులకు 1260, మూడేళ్లకు 3780 దిర్హమ్‌లు.

4. మిగిలిన సెలవుల డబ్బు, ఆగిన జీతం, గ్రాట్యుటీ అన్నీ పని ముగిసిన 14 రోజుల్లోపు ఇవ్వాలి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగితే ఉచితంగా ఇవ్వాలి.

5. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. "జాగ్రత్త చేస్తున్నాం" అనే మాట నమ్మి ఇవ్వొద్దు.

6. నోటీసు లేకుండా వెళ్లే హక్కు కూడా కొన్నిసార్లు ఉంది. యజమాని జీతం లాంటి బాధ్యత తప్పితే, ముందు కార్మిక శాఖకు తెలియజేసి, 14 పనిదినాలు గడిచినా సరిచేయకపోతే వెళ్లొచ్చు. యజమానో, అతని తరఫు మనిషో కొట్టినా, వేధించినా వెళ్లొచ్చు. కానీ ఆ సంగతి 5 పనిదినాల్లోపు అధికారులకు చెప్పాలి.

7. "అబ్‌స్కాండింగ్ పెడతా" అని బెదిరిస్తారు. వరసగా 7 రోజులకు మించి, ఎక్కడున్నారో చెప్పకుండా పనికి రాకపోతేనే అది వర్తిస్తుంది. నోటీసు ఇచ్చి డ్యూటీకి వచ్చే మనిషి మీద పెడితే అది తప్పుడు కేసు, దాని మీద మనమే ఫిర్యాదు చేయొచ్చు. అందుకే కోపంలో పని ఎగ్గొట్టకండి. ఖల్లివల్లి అయిపోతే మన హక్కులు రాబట్టుకోవడం కష్టమవుతుంది.

8. జబ్బు చేసి మానాలనుకునేవాళ్లు ముందు సిక్ లీవు వాడుకోండి. ప్రొబేషన్ దాటాక ఏడాదికి 90 రోజులు: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగిలిన 45 రోజులు జీతం లేకుండా. డాక్టరు కాగితం కావాలి.

9. ఒక జాగ్రత్త. నెలకు 5 దిర్హమ్‌లు కట్టే ఉద్యోగ బీమా డబ్బులు, ఉద్యోగంలోంచి వాళ్లు తీసేస్తేనే వస్తాయి. మనంతట మనం మానేస్తే రావు. అందుకని చేతిలో కనీసం రెండు మూడు నెలల ఖర్చు చూసుకోండి, లేదా ఇంకో చోట మాట ఖాయం చేసుకోండి.

10. ఫిర్యాదు చేయడానికి కార్మిక శాఖ నంబర్ 80084. 50,000 దిర్హమ్‌ల లోపు తగాదాలను 2024 నుంచి కార్మిక శాఖే తేల్చగలదు, కోర్టు దాకా పోనక్కర్లేదు. కోర్టుకు పోయినా లక్ష దిర్హమ్‌ల లోపు దావాకు కార్మికుడికి ఫీజు లేదు. పని ముగిసిన రెండేళ్ల లోపు దావా వేయొచ్చు. మన కాన్సులేట్ సహాయ కేంద్రం నంబర్ 800 46342.

భర్త వీసా మీద ఉండి పని చేసే అక్కలకు ఒక మాట. మీకు కూడా వర్క్ పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేకుండా పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా ఉంది. కానీ రేపు తగాదా వస్తే మీ చేతిలో కాగితం ఉండదు. "తర్వాత చేయిస్తాం" అంటే చేరకండి.

మిగతా దేశాల్లో లెక్క వేరు. కువైట్‌లో నెల జీతగాళ్లకు నోటీసు మూడు నెలలు. రాజీనామా చేస్తే 3 ఏళ్లు దాటితే సగం, 5 ఏళ్లు దాటితే మూడింట రెండొంతులు, 10 ఏళ్లు దాటితే పూర్తి గ్రాట్యుటీ. సౌదీలో 2 ఏళ్లు దాటితే మూడో వంతు, 5 దాటితే రెండొంతులు, 10 దాటితే పూర్తి. అక్కడున్నవాళ్లు ఈ తేడా చూసుకుని తేదీ నిర్ణయించుకోండి. ఒక్క నెల ముందు మానేసినా చాలా డబ్బు పోవచ్చు.

*ఇక మనం చేయాల్సింది*

ఉద్యోగం మానేయమని ఎవరినీ నేను ఎగదోయడం లేదు. కొందరికి ఇంటి పరిస్థితి అట్లా ఉంటుంది, మింగలేక కక్కలేక ఉండాల్సిందే. ఉండాలా మానాలా అనేది ఆ మనిషి తేల్చుకోవాలి. మానే హక్కు లేని పనిని వెట్టి అంటారు. మన తాతలు దొర గడీలో చేసింది అదే. ఇంత దూరం వచ్చి, చట్టమే "మానొచ్చు" అంటుంటే, మనవాళ్లే మన పిల్లకు "మానకూడదు" అని చెప్పడం ఏం న్యాయం? ఆ నర్సరీ యజమానికి మందూబ్ అక్కర్లేకుండా ఆయన పని మనమే చేసిపెడుతున్నాం.

నా కష్టం పెద్దదా, నీ కష్టం పెద్దదా అని పోటీ పెడితే లాభం ఎవరికి? ఎండలో ఉన్నవాడు ఏసీలో ఉన్నామెను చూసి, ఏసీలో ఉన్నామె ఆఫీసులో ఉన్నోణ్ని చూసి కుళ్లుకుంటే, ముగ్గురి గ్రాట్యుటీ మింగినవాడు హాయిగా నిద్రపోతాడు.

కాబట్టి మూడు పనులు చేద్దాం. ఒకటి, ఆ వాయిస్ మెసేజులు పెట్టినవాళ్లు వాటిని ఈ రోజే తీసేయండి. రెండు, ఇక మీద గ్రూపులో ఎవరన్నా మానేస్తానంటే ముందు మూడు ప్రశ్నలే అడగాలి: కాంట్రాక్టు కాపీ ఉందా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? ఒంట్లో ఎట్లా ఉంది? సలహా తర్వాత. మూడు, ఊళ్లో మీ ఇంటి పిల్లలెవరైనా టీచరు ఉద్యోగమని గల్ఫ్‌కు బయల్దేరుతుంటే, టికెట్ కొనకముందే ఆఫర్ లెటర్ మన గ్రూపు అడ్మిన్లకు పంపండి. బేసిక్ ఎంత, ఎన్ని నెలల జీతం, వీసా మీద ఏ పని రాశారు, తరగతికి ఎంతమంది పిల్లలు, పక్కన ఇంకో మనిషి ఉంటారా అని చూసి చెబుతాం.

ఆ చెల్లెలి నంబర్ అడ్మిన్ల దగ్గర ఉంది. ఈ బులెటిన్ ఆమెకు విడిగా పంపుతున్నాం. నోటీసు రాయడానికి మనిషి కావాలంటే మేం ఉన్నాం, కార్మిక శాఖకు తోడు రావాలన్నా వస్తాం. ఆమె తిరిగి గ్రూపులోకి వస్తే దయచేసి ఎవరూ పాత సంగతి ఎత్తకండి.

మీ రూములో చదవడం రాని అన్నలుంటే ఇది చదివి వినిపించండి. బిడ్డ టీచరుగా పని చేస్తున్న నాయన ఎవరన్నా మీ క్యాంపులో ఉంటే ఆయనకు తప్పకుండా వినిపించండి. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు జీతం పడిందా అని అడిగే ముందు, "తిన్నావా బిడ్డా, నిద్ర పడుతుందా" అని అడగమనండి.